మరి క్యాపు ఎవరు పెడతారు?

"ఇంకా కాలేదా?" అన్నారు మా ఆయన.

ఆ మాట రోజూ అంటారు. ఆరో రంధ్రం దగ్గరో ఏడో రంధ్రం దగ్గరో అంటారు. మొత్తం పదహారు రంధ్రాలు. తలకి అతుక్కుపోయేలా ఉండే ఆ గుడ్డ టోపీని ఆసుపత్రి వాళ్ళు క్యాపు అంటారు. ఒక్కో రంధ్రంలోకి మొద్దు సూది ఉన్న సిరంజి దూర్చి, సూది మొనతో జుట్టు అటూ ఇటూ పాయ తీసి, కింద చర్మం తగిలిందనుకున్నాక జెల్ వదలాలి. ఎక్కువైతే పక్క రంధ్రంలోకి పాకుతుంది. తక్కువైతే కంప్యూటరు తెర మీద ఆ చుక్క ఎర్రగానే ఉండిపోతుంది. పదహారు చుక్కలూ పచ్చబడితేగాని ఆట మొదలవదు. పదిహేను పచ్చబడి పదహారోది మొండికేసిన రోజున నాకు తల ప్రాణం తోకకొస్తుంది. మళ్ళీ సిరంజి, మళ్ళీ పాయ. ఈలోగా ఆయన మెడ నొప్పి పుడుతోందంటారు, జెల్ చల్లగా ఉందంటారు, చెవి పట్టీ బిగుసుకుందంటారు. తర్వాత "ఇంకా కాలేదా?" అంటారు, ఎవరో వేరే మనిషి వేరే గదిలో ఆలస్యం చేస్తున్నట్టు.

ఏడాదిన్నర కిందట ఒక పొద్దున్న గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలిపోయారు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. మాట నెల్లాళ్ళలో తిరిగొచ్చింది. కాలు ఆరు నెలల్లో కుదుటపడింది. కుడి చెయ్యి మాత్రం అలకపూనినట్టు పిడికిలి బిగించి పొట్ట దగ్గరే ఉండిపోయింది. ఆయన కాలేజీలో భూగోళం చెప్పేవారు. నల్లబల్ల మీద సుద్దముక్క ఎత్తకుండా ఒక్క గీతలో ఖండం గీసేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చేతి కోసమే ఆసుపత్రి వాళ్ళ పరిశోధనలో చేరాం. చెయ్యి విప్పాలన్న తలపు మెదడులో పుట్టగానే క్యాపు దాన్ని పసిగడుతుంది. చేతికి ఒక తొడుగు ఉంటుంది, వేళ్ళ వెంబడి సన్నటి లోహపు పట్టీలతో. తలపు అందిన మరుక్షణం ఆ పట్టీలు పిడికిలిని మెల్లగా విప్పుతాయి. తెర మీద ఒక బుడగ పగులుతుంది, లేదంటే ఒక పండు తెగి బుట్టలో పడుతుంది. అనుకోవడమూ కదలడమూ ఒకే క్షణంలో జరుగుతూ ఉంటే మెదడు పాత దారి మూసుకుపోయినా కొత్త దారి వెతుక్కుంటుందని ఆసుపత్రి థెరపిస్టు అమ్మాయి చెప్పింది. ఆ మాట విన్న రోజు ఏడ్చాను. మూడో నెలలో తొడుగు లేకుండానే ఆయన చూపుడువేలు లేచిన రోజు కూడా ఏడ్చాను. కాబట్టి ఆ యంత్రాన్ని నేనేమీ అనను. అది దాని పని సక్రమంగానే చేసింది.

ఆట నలభై నిమిషాలు. వారానికి ఐదు రోజులు, ఇంటి దగ్గరే. ఆటకి ముందు క్యాపు పెట్టడానికి నాకు ముప్పావుగంట పడుతుంది. ఆట అయ్యాక ఆయన తలలో జెల్ గట్టిపడకముందే కుర్చీలో వెనక్కి వాల్చి, మెడ కింద తువ్వాలు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళతో రెండుసార్లు తల కడగాలి. తుడవాలి, దువ్వాలి. తర్వాత క్యాపు. దాన్ని మామూలు బట్టలా ఉతకకూడదు. ఒక్కో రంధ్రాన్నీ మెత్తటి బ్రష్షుతో తోమి, తీగల దగ్గర నీళ్ళు చేరకుండా పట్టుకుని, నీడలో ఆరబెట్టాలి. ఆ తర్వాత సిరంజిలు, తొడుగు, నేల మీద చిందిన నీళ్ళు. ఇదంతా అయ్యేసరికి వంట వేళ దాటిపోయి ఉంటుంది. ఆయన మాత్రం శుభ్రమైన తలతో బాల్కనీలో కూర్చుని చెల్లెలికి ఫోనులో స్కోరు చెబుతూ ఉంటారు.

స్కోరు ఎక్కువ వచ్చిన రోజు, "ఇవాళ మనసు బాగా నిలిచింది," అంటారు. తక్కువ వచ్చిన రోజు, "ఇవాళ జెల్ సరిగ్గా పడలేదు," అంటారు. ఏడు నెలల్లో ఒక్కసారైనా ఇవి తారుమారవుతాయేమో, జెల్ బాగా పడి స్కోరు వచ్చిందని అంటారేమో అని చెవులు రిక్కించి విన్నాను. అనలేదు.

నాకొక ఉద్యోగం ఉండేది. ఉండేది అనాలో ఉంది అనాలో అప్పటికి నాకే తెలియదు. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిపెట్టే ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా మైనంతో పళ్ళ నమూనాలు చెక్కుతున్నాను. ముందుపళ్ళు నా ప్రత్యేకత. ముందుపన్ను తెల్లగా నున్నగా ఉంటే చాలనుకుంటారు జనం. అలా చేస్తే అది నోట్లో కొత్త పెంకులా మెరుస్తుంది. అంచు దగ్గర కొంచెం అరుగుదల, మధ్యలో కనీకనపడని గాడి, ఆ మనిషి వయసు ఎంతో అంత అలసట, ఇవన్నీ చెక్కాలి. మేమంతా పెద్దాయన అని పిలుచుకునే ల్యాబు యజమాని, "నీ పన్ను నోట్లో పెడితే పక్క పన్ను కూడా పోల్చుకోలేదమ్మాయ్," అనేవాడు. ఆయన నోటి నుంచి అంతకు మించిన పొగడ్త రాదు. మా ఆయన పడిపోయినప్పుడు సెలవు పెట్టాను. మళ్ళీ ఒక్కపూట వెళ్ళడం మొదలుపెట్టాను. అంతలో ఈ ఆటలు వచ్చాయి. మళ్ళీ సెలవు. "పళ్ళు చెక్కడమేగా వదినా, ఎప్పుడైనా చెక్కొచ్చు. అన్నయ్య చెయ్యి ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడొస్తుంది?" అంది మా ఆడపడుచు. ఆమె అన్న దాంట్లో తప్పేమిటో ఆ రోజున నాకు దొరకలేదు. దొరికేసరికి ఏడు నెలలయింది. ఈ నెలాఖరు దాకా నా బల్ల ఖాళీగా ఉంచుతాననీ, ఆ తర్వాత తన చేతుల్లో లేదనీ పెద్దాయన కబురు పెట్టాడు.

ఆటలు మొదలైన ఐదో నెలలో ఆసుపత్రి ఇంజినీరు కెమెరా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. క్యాపు తయారు చేసింది ఆయనే. ఏదో పెద్ద సమావేశంలో చూపించాలట, రోగి ఇంటి దగ్గర ఎవరి సాయం లేకుండా ఎలా ఆడుకుంటున్నాడో. తొమ్మిదింటికి వస్తానంటే ఏడున్నరకే మొదలుపెట్టి పదహారు చుక్కలూ పచ్చగా చేసి ఉంచాను. ఆయన వచ్చి చూసి, చాలా బాగుందన్నాడు. మా ఆయన భుజాల మీద తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు. సిరంజిలున్న పళ్ళెం బల్ల మీద నుంచి తీయమన్నాడు. తీశాను. తర్వాత కెమెరాలోంచి చూస్తూ, "మేడమ్, మీరు కొంచెం పక్కకి. ఇంకొంచెం. మీ నీడ పడుతోంది," అన్నాడు. జరుగుతూ జరుగుతూ స్నానాలగది గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ నుంచుని, ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో పళ్ళెంతో మా ఆయన ప్రసంగం విన్నాను. ఆయనకి పాఠం చెప్పే గొంతు ఇంకా ఉంది. "ఎవరి మీదైనా ఆధారపడాల్సి వస్తుందేమోనని మొదట్లో భయపడ్డాను. ఇప్పుడు నా వైద్యం నా చేతుల్లోనే ఉంది," అన్నారు. ఇంజినీరు అద్భుతం అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. అలాగే అనుకుంటున్నారు. అబద్ధమయితే పట్టుకుని నిలదీయొచ్చు. నిజంగా కనపడని మనిషికి ఏం చూపిస్తాం? ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇలాంటివి ఎన్ని లేవు. ఆయన రాసిన పాఠ్యపుస్తకంలో పటాలన్నీ నేను సిరాతో గీసిపెట్టాను, ఆయన పెన్సిలు గీతల మీద. ముందుమాటలో ముద్రాపకుడి పేరూ, టైపు చేసిన గుమాస్తా పేరూ ఉన్నాయి. "నీకు థాంక్స్ చెప్తే బయటివాళ్ళకి చెప్పినట్టు ఉంటుంది," అన్నారు అప్పుడు. అది ముద్దు మాటే అనుకుని మురిసిపోయాను కూడా.

ఆరో నెల చివర్లో నా కుడి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. మొదట సిరంజి నొక్కినప్పుడు. తర్వాత తువ్వాలు పిండినప్పుడు, ఆయన్ని కుర్చీలోంచి లేపినప్పుడు. ఒక రోజు గరిటె దానంతట అదే చేతిలోంచి జారిపోయింది. ఆ చప్పుడుకి ఆయన, "ఏం పగలగొట్టావ్?" అని గదిలోంచి కేకేశారు. ఏమీ పగలలేదని చెప్పాను. పన్ను చెక్కే బొటనవేలు అది. కత్తి ఎంత లోతు దిగాలో నా కళ్ళకన్నా ముందు దానికి తెలిసేది.

ఆయన్ని తీసుకెళ్ళే ఆసుపత్రిలోనే మూడో అంతస్తులో చేతుల డాక్టరు ఉన్నాడు. నరం మీది పొర వాచిందన్నాడు. ఆరు వారాలు దేన్నీ పిండొద్దు, ఎత్తొద్దు, బొటనవేలితో నొక్కొద్దు అని చెప్పి, మణికట్టు నుంచి వేలి చివరి దాకా గట్టి పట్టీ వేశాడు. "ఇంట్లో సాయం చేసేవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగాడు. "నేనే," అన్నాను. ప్రశ్న సరిగ్గా వినపడలేదేమోనని ఆయన మళ్ళీ అడిగాడు.

ఇంటికొచ్చి పట్టీ చూపిస్తే మా ఆయన ముందు నవ్వారు. ఇద్దరం కలిసి ఒక మనిషికి సరిపోతామన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఎంతయినా ఆయన హాస్యం తెలిసిన మనిషి, పెళ్ళి చేసుకున్నది అందుకే. నవ్వు ఆగాక కాసేపు నా చెయ్యి వైపే చూశారు. నొప్పిగా ఉందా అంటారనుకున్నాను.

"మరి క్యాపు ఎవరు పెడతారు?" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు, విసుగు లేదు. నీళ్ళు రాకపోతే వంట ఎలా అన్నట్టు, నిజమైన ఆందోళన. నేను చెప్పులు విప్పి గూట్లో పెట్టాను. మర్నాడు ఎడమ చేత్తో సిరంజి పట్టుకుని క్యాపు పెట్టాను. గంటా పది నిమిషాలు పట్టింది. ఆయన ఎనిమిదిసార్లు అడిగారు, ఇంకా కాలేదా అని.

ఆడపడుచుని అడిగాను, వారానికి రెండు రోజులు వచ్చి పెట్టమని. అన్నయ్య కోసం ఆ మాత్రం చెయ్యనా అని ఉత్సాహంగా వచ్చింది. పదకొండో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం చూడాలి. కొత్త బట్టల నిండా జెల్. ఆరో చుక్క, తొమ్మిదో చుక్క ఎర్రగానే ఉన్నాయి. "అన్నయ్యా, కాస్త కదలకుండా కూర్చో," అని రెండుసార్లు కసిరింది. ఏడు నెలల్లో నేను ఒక్కసారీ కసరలేదు. తల కడిగేటప్పుడు ఆయన కళ్ళలోకి నీళ్ళు పోయాయి, ఆయన అరిచారు, ఆమె అరిచింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "ఇది ఒక మనిషి చేసే పని కాదు వదినా," అంది. చాలా నిజాయితీగా అంది. నేను మనిషి లెక్కలోకి రానని ఆమెకి తట్టినట్టు లేదు. మళ్ళీ రాలేదు. ఫోనులో మాత్రం రోజూ అడిగేది, అన్నయ్య ఆట మానట్లేదు కదా అని.

పట్టీ వేసిన రెండో వారంలో ఆయన్ని పరీక్షకి తీసుకెళ్ళాను. మధ్యలో అడ్డుచెక్క ఉన్న పెట్టె, ఒక వైపు చిన్న చిన్న చెక్కముక్కలు. తొడుగూ లేదు, క్యాపూ లేదు. ఒక్కో ముక్క తీసి అడ్డుచెక్క మీదుగా అటు వైపు వేయాలి, ఒక్క నిమిషంలో ఎన్ని వేస్తే అన్ని. థెరపిస్టు గడియారం నొక్కింది. మా ఆయన కుడి చెయ్యి ముందుకు వెళ్ళింది. వేళ్ళు విచ్చుకున్నాయి, ముక్కని పట్టుకున్నాయి, ఎత్తాయి, వదిలాయి. ఒకటి, రెండు, మూడు. నేను నోరు తెరుచుకుని చూస్తూ లెక్కపెట్టాను. పంతొమ్మిది. థెరపిస్టు చప్పట్లు కొట్టింది. ఆయన బల్ల మీద దరువేశారు, ఆ చేత్తోనే.

ఆ చేత్తో ఆయన ఇంట్లో ఒక్క చెంచా ఎత్తగా నేను చూడలేదు.

తర్వాత ఇంటి పనుల ప్రశ్నలు. చొక్కా బొత్తాలు ఎవరు పెడతారని అడిగింది. "ఆవిడ," అన్నారు. బ్రష్షు మీద పేస్టు? ఆవిడ. కుళాయి తిప్పడం? ఆవిడ. కళ్ళజోడు తుడవడం, పుస్తకంలో పేజీ తిప్పడం, జేబులోంచి రుమాలు తీయడం? ఆవిడ, ఆవిడ, ఆవిడ. పదో ప్రశ్నకి ఆ మాట కూడా అనలేదు, గడ్డంతో నా వైపు చూపించారు. థెరపిస్టు కలం మూసి నా వైపు తిరిగింది. మంచి అమ్మాయి, ఓపిక ఎక్కువ. మెల్లగా చెప్పింది, అన్నీ మీరే చేసేస్తుంటే వచ్చిన చెయ్యి కూడా మరిచిపోతుంది మేడమ్, అతి ప్రేమ కూడా ఒక్కోసారి అడ్డమవుతుందని.

"నేనూ అదే చెబుతున్నాను," అన్నారు మా ఆయన. "వింటేనా."

మూడు రోజుల కిందటే కాఫీ ఒలికింది. ఎడమ చేత్తో తాగుతూ ఆయనే ఒలికించారు. కాస్త వచ్చి పట్టుకుంటే నీ సొమ్మేం పోయింది అన్నారు. ఆ నోరే ఇది. చేస్తే అతి ప్రేమ, చెయ్యకపోతే నిర్లక్ష్యం. ఈ రెండింటి మధ్య నిలబడడానికి వెంట్రుకవాసి జాగా కూడా లేదు. ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలోనే నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఇన్ని ప్రశ్నలు ఆయన్ని అడిగారు. నన్ను ఒక్కటి అడగండి," అన్నాను.

"చెప్పండి మేడమ్, ఏమడగాలి?"

"ఈ చేతికేమైందని."

పట్టీ ఉన్న చెయ్యి బల్ల మీద పెట్టాను, చెక్కముక్కల పక్కన. అంతకుముందు రెండుసార్లు ఆమె ఆ పట్టీని చూసింది. క్యాపు బాగా పెట్టారని మెచ్చుకుంది కూడా. ఇప్పుడు చూసిన చూపు వేరు. ఎలా అయిందని అడిగింది. చెప్పాను. ముప్పావుగంట సిరంజి, రెండుసార్లు తల, పదహారు రంధ్రాలు, వారానికి ఐదు రోజులు. గొంతు పెంచకుండా, మార్కెట్టుకి పోయే చీటీ చదివినట్టు చదివాను. ఆమె కలం తెరిచింది గాని తన కాగితం మీద ఎక్కడ రాయాలో తెలియక అలాగే పట్టుకుంది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక ఆయన దాహమన్నారు. గ్లాసు నిండా నీళ్ళు పోసి ఆయన కుడి వైపు పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాను. ఆయన గ్లాసు వైపు చూశారు, నా వైపు చూశారు. ఎడమ చెయ్యి చాపారు. గ్లాసుని ఇంకొంచెం కుడికి జరిపాను.

"అక్కడ పంతొమ్మిది వేశారు. ఇక్కడ ఒక్క గ్లాసు ఎత్తలేరా?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఈసారి వచ్చింది పాఠం చెప్పే గొంతు కాదు. "ఆటలో బుడగ పోతే ఇంకో బుడగ వస్తుంది. అక్కడ ముక్క పడిపోతే అమ్మాయి తీసిపెడుతుంది. ఇక్కడ పడిపోతే నువ్వు చూస్తావు."

ఆ మాటకి నా కోపం కాలు జారినట్టయింది. సుద్దముక్క ఎత్తకుండా ఖండం గీసిన చెయ్యి. అది గ్లాసు జారవిడిస్తే నేను చూస్తానని ఆయనకి సిగ్గు. లేచి వంటగదిలోకి వెళ్ళాను. ఏ పనీ లేకపోయినా గట్టు తుడిచాను, ఎడమ చేత్తో. జాలేసింది, కాదనను. ఎన్నోసార్లు జాలి దగ్గరే ఆగిపోయి, దాన్నే ప్రేమనుకుని, మళ్ళీ సిరంజి పట్టుకున్నదాన్ని నేను. ఈసారి మాత్రం జాలి వెనకాలే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నేను చూస్తే ఆయనకి సిగ్గు. నేను చొక్కా తొడిగితే సిగ్గు లేదు, బొత్తాలు పెడితే లేదు, వాచిన వేలితో తల కడిగితే లేదు. నేను చూసేటప్పుడు మాత్రం మనిషిని. చేసేటప్పుడు కాదు. అలాంటప్పుడు ఆయన సిగ్గుకి మందు నా దగ్గరే ఉంది. నేను చూడకుండా ఉంటే సరి.

తిరిగి వచ్చి చెప్పాను. "సోమవారం నుంచి ల్యాబుకి వెళ్తున్నాను. తొమ్మిది నుంచి ఐదు దాకా ఇంట్లో చూడ్డానికి ఎవరూ ఉండరు. మీ ఇష్టం వచ్చినన్ని గ్లాసులు పడెయ్యండి."

ముందు నమ్మలేదు. తర్వాత పట్టీ వైపు చూపించి, "డాక్టరు పని చెయ్యొద్దన్నాడుగా," అన్నారు.

"పిండొద్దన్నాడు, ఎత్తొద్దన్నాడు, నొక్కొద్దన్నాడు. ఆ మూడూ ఇంట్లోవే."

"మరి ఆట?"

"ఆసుపత్రిలో ఆడండి. బస్సు వీధి చివరే ఆగుతుంది. కాలు బాగానే ఉంది కదా."

సోమవారం లోపల ఫోన్లే ఫోన్లు. ఇంటి దగ్గర ఆట మానేస్తే లెక్కల్లో ఖాళీ వస్తుంది మేడమ్ అన్నాడు ఇంజినీరు. రానివ్వండి అన్నాను. ఎవరి సాయం లేకుండా పెట్టుకునే క్యాపు తయారైతే తెచ్చివ్వండి, ఆయనే పెట్టుకుంటారని కూడా చెప్పాను. అన్నయ్య ఒక్కడూ రోజంతా ఎలా ఉంటాడు వదినా అంది ఆడపడుచు. నువ్వొచ్చి ఉంటావా అంటే సిగ్నల్ సరిగ్గా లేదంది. థెరపిస్టు మాత్రం వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో ఆటకి సమయం రాసిచ్చింది. కింద తన చేతిరాతతో బొత్తాలు, కుళాయి, చెంచా అని ఇంటి పాఠం కూడా రాసింది. కాగితం నాకివ్వలేదు. ఆయనకే ఇచ్చింది.

సోమవారం ల్యాబులో పెద్దాయన నా పట్టీ చూశాడు. ఆరు వారాలు నిండేదాకా మైనం ముట్టుకోవద్దనీ, వచ్చిన పళ్ళ రంగులు పోల్చి చూడమనీ, కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలకి ముందుపన్ను ఎలా ఉంటుందో చెప్పమనీ అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది నాకు ఎంత తెలుసో. "అంచు అంత పదునుగా ఉండకూడదు, ఆవిడకి అరవై ఏళ్ళు," అంటే ఆ అమ్మాయిలు నా మాట కాగితం మీద రాసుకున్నారు. మొదటి రోజు ఇంటికెళ్ళే బస్సులో ఆ సంగతే పదేపదే గుర్తుచేసుకున్నాను. ఎవరో నా మాట రాసుకున్నారు.

ఇంట్లో మొదటి వారం రెండు గ్లాసులు, ఒక సాసరు పోయాయి. గాజుముక్కలు ఒక మూలకి నెట్టి ఉండేవి. నేల మీద నీళ్ళుంటే దాటుకుని వెళ్ళాను. మర్నాడు ఆ నీళ్ళ మీద పాతబట్ట వేసి కాలితో రుద్దిన గుర్తులు కనపడ్డాయి. బొత్తాలు తప్పించుకోవడానికి తొమ్మిది రోజులు వరసగా తల మీదుగా తొడుక్కునే బనియన్లే వేసుకున్నారు. ఆ తెలివికి లోపల్లోపల నవ్వుకున్నాను. ఒకసారి ఆయనకి విపరీతమైన కోపం వచ్చింది. నన్ను రోడ్డు మీద వదిలేశావు అన్నారు. నేను కూడా అన్నాను, ఏడు నెలలు నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారని. ఆయనకి అర్థం కాలేదు. ఏ గుమ్మం అన్నారు. వివరించి చెప్పే ఓపిక ఆ పూట లేకపోయింది. భోజనం చేసి పడుకున్నాను.

నాలుగో వారంలో ఒక సాయంత్రం వచ్చేసరికి చొక్కా వేసుకుని ఉన్నారు. కింది మూడు బొత్తాలు పెట్టుకున్నారు, పైవి రాలేదు. టీవీ చూస్తున్నట్టు కూర్చున్నారుగాని చూపు నా మీదే ఉంది. నేను సంచి దించి, ఆ మూడు బొత్తాలూ చూశాను. పైవి పెట్టడానికి నా చెయ్యి దానంతట అదే లేచింది. దాన్ని దించుకోవడం ఎంత కష్టమైందో ఎవరికి చెప్పినా నమ్మరు. "మూడు పెట్టారే," అన్నాను. "గంట పట్టింది," అన్నారు. ఆయన గొంతులో గర్వం లేదు, అలసట ఉంది. పని చేసిన మనిషికుండే అలసట. ఆ పూట ఇద్దరం చాలాసేపు మామూలు సంగతులు మాట్లాడుకున్నాం. అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. మర్నాడే కళ్ళజోడు ఎక్కడ పెట్టావని ల్యాబుకి మూడుసార్లు ఫోను చేశారు. తొమ్మిది నుంచి ఐదు దాకా నేను వెతకనని మూడుసార్లూ చెప్పాను.

ఆరు వారాలు నిండి పట్టీ తీసేసిన రోజున పెద్దాయన నా బల్ల మీద ఒక ముందుపన్ను పని పెట్టాడు. యాభై దాటిన ఒకావిడది, పక్కపన్ను కొద్దిగా వంకర. దీపం వెలిగించి, మైనం మెత్తబడనిచ్చి, కత్తి పట్టుకున్నాను. బొటనవేలు కొంచెం బిగుసుకుంది, తర్వాత దారికొచ్చింది. మొదటి గీత పడుతుండగా ఫోను మోగింది. ఇంజినీరు.

ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. థెరపిస్టు పట్టుబట్టిందట, ఇక మీదట ఇంటి దగ్గర ఆడే ప్రతి రోగికీ సాయం చేసినవాళ్ళు ఎవరు, ఎంతసేపు చేశారు, ఏమేం చేశారు అనేది కూడా రాయాలని. కొత్త పత్రం తయారైంది. మా ఇంటి ఏడు నెలలదీ కలిస్తే వాళ్ళ నివేదిక నిండుగా ఉంటుంది. "మీకే కదా మేడమ్ తెలిసేది. కొంచెం గుర్తు చేసుకుని రోజువారీగా నింపి పంపగలరా? ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడే," అన్నాడు.

కత్తి కింద పెట్టలేదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, మైనం మీది గీతనే చూస్తూ అన్నాను, ఆ పత్రం మా ఆయనకి పంపండి, ఏడు నెలలూ ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నారు, ఏం జరిగిందో ఆయనకీ తెలిసే ఉండాలని.

"కానీ మేడమ్, సార్ రాయలేరు కదా."

"రాస్తారు," అన్నాను. "ఎన్ని రోజులైనా పట్టనీ, కుడి చేత్తోనే రాయమనండి."